సుజి క్యాన్‌లో నీళ్లు

లేదు నాయనా, క్యాన్‌కు చిల్లు పడలేదు. సుజీనే దాన్ని నింపుకుంది. నీ ఫోన్ ఎవరూ తీయరని తెలిసినా నీకే చెప్తున్నా.

నువ్వు పోయాక మన చేని బావి నిండింది ఇప్పుడే. చెల్లెలు సుజి ఈత నేర్పమంటే, నువ్వు నాకు నేర్పినప్పటి మాదిరే దాని వీపుకు ఖాళీ నూనె క్యాన్ కట్టాను. నేను చొక్కా విప్పేలోగా మెట్టు మీద కూర్చుని మూత తీసి నిండా నీళ్లు పట్టింది. జారగానే మునిగిపోయింది. చేతులే కనిపించాయి. దూకి, జుట్టు పట్టి లాగాను.

"ఎందుకు నింపినావు మే?"

"ఖాళీది గాలికే ఎగురుతాంది. నన్ను యాడ మోస్తాదన్నా?"

"గాలి ఉంటేనే తేలేది. క్యాన్ ఎన్ని నీళ్లను పక్కకు తోస్తే, అన్ని నీళ్ల బరువును మోస్తాది. నింపితే దాని బరువుకే సరిపాయె, ఇంక నిన్నేం మోస్తాది? నీ రొమ్ములోనూ గాలి ఉండాది. ఊపిరి బిగబట్టి వెల్లకిలా పండుకో."

క్యాన్ విప్పేశాక నీళ్ల మీద పడుకుంది. వీపు కింద చెయ్యి పెట్టాను.

"చెయ్యి తీయొద్దన్నా!"

"తీయను పో."

అప్పటికే తీసేశాను. తేలుతోంది.

నాయనా, ఆ పొద్దు నా వీపు కింద నుంచి నీ చెయ్యి ఎప్పుడు తీసేశావు?