అల్లుడుగారు కూర్చోరట

చిరంజీవి అల్లుడుగారికి, అత్తయ్య ఆశీస్సులు.

ఆదివారం మా ఇంటికొచ్చి, వెళ్ళేదాకా నిలబడే ఉన్నారు. భోజనం కూడా కిటికీ దగ్గర నిలబడే కానిచ్చారు. మీ మామయ్య "కూర్చో బాబూ" అని బతిమాలితే "ఫరవాలేదండీ" అన్నారు. మీకు ఫరవాలేదు, మాకు తల కొట్టేసినట్టయింది. పక్కింటావిడ "అల్లుడు అలిగాడా?" అని ఆరా తీస్తోంది. సోఫా పాతదనా? ఉన్నదేదో మొహమాటం లేకుండా రాయండి.

ఇట్లు,
అత్తయ్య

తా.క. సోఫా మార్చేశాం. ఈసారి నిలబడితే ఊరుకోను.

*

అత్తయ్యగారికి నమస్కారాలు.

అలక కాదండీ, నొప్పి. ఫోన్లో చెబుదామంటే మామయ్యగారు స్పీకర్ పెట్టేస్తారు. అందుకే ఈ ఉత్తరం. కూర్చునే చోట, లోపలెక్కడో నొప్పి. బస్సు నడిపేవాణ్ణి, రోజంతా సీట్లోనే కదా. నిప్పుల మీద కూర్చున్నట్టుంటోంది. అత్తగారికి ఇంతకన్నా వివరంగా రాయలేను.

మీ అల్లుడు

తా.క. ఈ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

*

అల్లుడుగారికి దీవెనలు.

ఓస్, మొలలేనా! ఈ మాత్రం దానికి సిగ్గెందుకు? మన ఇద్దరి మధ్యే ఉంచాను. మీ మామయ్యకి మాత్రం చెప్పాను. ఆయన వాకింగులో నలుగురి సలహా అడిగారు. పక్కింటావిడ తమ్ముడికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఉన్నాడట. ప్రస్తుతానికి రబ్బరు దిండు పంపుతున్నాం, మధ్యలో చిల్లు ఉంటుంది, కంగారుపడకండి.

అత్తయ్య

తా.క. తేలిక డ్యూటీ ఇవ్వమని మామయ్య మీ డిపో మేనేజరుకి ఫోన్ చేశారు. స్పీకర్లోనే.

*

అత్తయ్యగారికి,

నమస్కారం. మొలలు కావు! కావు! డిపోలో నన్ను చూడగానే అందరూ లేచి కుర్చీ తుడుస్తున్నారు.

పరీక్షలన్నీ చేశారు, స్కానులో ఏమీ లేదు. "అంతా బాగానే ఉంది" అంటారు డాక్టర్లు, నేనేదో నాటకం ఆడుతున్నట్టు. చివరికి ఒక ఫిజియోథెరపీ ఆవిడ కనిపెట్టింది. నడుము కింద, మూత్రాశయాన్నీ పేగుల్నీ గిన్నెలా మోసే కండరాలు ఉంటాయట. అవి నాకు పట్టేసి వదలడం లేదట. కండరం నొప్పి, అంతే.

మీ అల్లుడు

తా.క. దిండు అందింది. కండక్టరు స్పేర్ టైరు అనుకుని డిక్కీలో పెట్టాడు.

*

అల్లుడుగారికి,

కండరమని ముందే చెప్పొద్దూ! ఉద్యోగమంతా డ్రిల్లు టీచరుగా చేసినదాన్ని. నొప్పంటే బలహీనం. బలహీనానికి మందు బిగింపు. పొట్ట లోపలికి లాగి, ఆ కింది కండరాల్ని బిగబట్టండి. బస్సు ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడల్లా చేయండి. పచ్చలైటు పడేదాకా వదలొద్దు. ఇది సలహా కాదు, ఆర్డరు.

అత్తయ్య

తా.క. మొహం మాత్రం మామూలుగా పెట్టుకోండి. ప్రయాణికులు దడుచుకుంటారు.

*

అత్తయ్యగారికి నమస్కారాలు.

లీవులో ఉన్నాను. మీ మాట కాదనలేక బిగించాను. మార్కెట్ కూడలిలో సిగ్నలు చెడిపోయి ఎర్రలైటు అలాగే ఉండిపోయింది. నేనూ అలాగే ఉండిపోయాను. ఇద్దరు పట్టుకుని సీట్లోంచి దింపారు.

ఫిజియో ఆవిడ తల పట్టుకుంది. "బిగుసుకుపోయినదాన్ని ఇంకా బిగించమన్న మేధావి ఎవరు?" అంది. మీ పేరు చెప్పలేదు. వరస మాత్రం చెప్పాను. నేను చేయాల్సింది వదలడమట. పొట్ట వదులుగా పెట్టి నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. వేడినీళ్ళ సంచి పెట్టుకోవాలి. ముక్కకూడదు. గంటల తరబడి కూర్చోకూడదు. పట్టేసిన చోటు ఆవిడ నొక్కి సడలిస్తుంది. నెలలు పట్టొచ్చట. ఈలోపు స్టీరింగు చేజారిపోతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు.

దయచేసి ఇక సలహాలు వద్దు. నమ్మకం లేకపోతే ఆవిడనే అడగండి, మార్కెట్ వెనక మందుల షాపు మేడ మీద ఉంటుంది.

మీ అల్లుడు

తా.క. దిండు తిరిగి పంపుతున్నాను. మామయ్యగారి వాకింగు మిత్రులెవరికైనా ఇవ్వండి.

*

బాబూ,

నేను వెళ్ళాను. దెబ్బలాడటానికే వెళ్ళాను. ఊపిరి వదలడం కూడా ఒక వైద్యమేనా అని నిలదీశాను. ఆ పిల్ల నవ్వి "కూర్చుని మాట్లాడండి" అంది. కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. నన్నే చూసి, "ఎప్పటినుంచి?" అంది.

"ఏది?"

"నొప్పి."

దొరికిపోయాను. మా అమ్మాయి పుట్టినప్పటినుంచీ ఉంది. ఆడదాని ఒళ్ళు ఇంతే కాబోలనుకున్నాను. డ్రిల్లు టీచరు ఉద్యోగంలో చేరిందే కూర్చోనక్కర్లేదని. మీ మామయ్యకి కూడా ఏనాడూ చెప్పలేదు. మీరు సిగ్గుపడుతూనే అత్తగారికి చెప్పారు చూడండి, ఆ ధైర్యం నాకు లేకపోయింది.

"పొట్ట వదలండి" అంది. వదిలాననే అనుకున్నాను. "ఇంకా, ఇంకా" అంది. నిజంగా వదిలేసరికి ఏడుపొచ్చేసింది.

ఆ పిల్ల రాసిచ్చిన కాగితం చూసి మేనేజరు మీకు చిన్న రూటు ఇచ్చాడని, ట్రిప్పు ట్రిప్పుకీ దిగి నడవనిస్తున్నాడని మా అమ్మాయి చెప్పింది. ప్రాణం కుదుటపడింది.

అత్తయ్య

తా.క. మంగళవారాలు ఆ పిల్ల దగ్గర మీ తర్వాత వంతు నాదే. కనిపిస్తే పలకరించకండి. మీ మామయ్యకి సంగీతం క్లాసని చెప్పాను. నిన్న నేర్చుకున్నది వినిపించమన్నారు. ఊపిరి తీసి వదిలి చూపించాను. "ఇంకా పాటలోకి దిగలేదా?" అన్నారు.