చిక్కిపోయిన మానిక

భీమడోలు,
శుక్రవారం.

సత్యానందానికి, ప్రభువు నిన్ను కాపాడుతున్నాడని నమ్మి అక్క వ్రాస్తున్నది.

నువ్వు ప్లీడరుగారి కోసం ఏలూరు బండి ఎక్కాక, కొలతల ఇన్‌స్పెక్టరుగారు మన ఇంటికి వచ్చారు. నీ బియ్యం కొట్లో పట్టుకున్న మానిక చూపించి, "అమ్మా, ఇది అమ్మకానిది కాదు, మా అక్క వంటబియ్యంలోంచి గుడికి తీసిపెట్టే మానిక అని మీ తమ్ముడన్నాడు. నిజమేనా?" అని అడిగారు.

నేను మానిక చేతిలోకి తీసుకుని చూశాను. గుడి బియ్యం నేను పూటపూటా పిడికిలితో తీస్తాను, మానికతో కాదు. అమ్మ కూడా అలాగే తీసేది. నీకది గుర్తయినా లేదా, తమ్ముడూ?

మానిక అడుగున లక్క పోసి ఉంది. దాని నిండా పోసిన బియ్యాన్ని ప్రభుత్వ ముద్ర ఉన్న మానికలోకి ఒంపితే అంచుదాకా రాలేదు. వాకిట్లో చేపల గంప దించిన కొల్లేటి అచ్చాయమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు.

"మానిక చిక్కి ఏడాదయిందండీ, అక్కగారూ. బజార్లో కొట్లోళ్ళంతా కూడబలుక్కుని ఒక్కసారే చిక్కించేశారు. మేం ఇంకెక్కడ కొంటామండీ?" అని నవ్వింది.

ఊరందరికీ తెలుసు. నీతో ఒకే కంచం పొత్తున పెరిగినదాన్ని, నాకే తెలియలేదు.

ప్రార్థన చేసుకుని చెబుతానన్నాను. ఇన్‌స్పెక్టరుగారు ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానన్నారు. ప్రార్థన చేసుకున్నాను. అది కొట్టు మానికేనని చెబుతాను. ఈలోగా నువ్వే వచ్చి ఆ మాట చెబితే నీ పక్కన నిలబడతాను. రాకపోతే అచ్చాయమ్మ పక్కన నిలబడి చెబుతాను.

నీ అక్క.