నా వేళ్ల చిటికెడు

ఏవండీ,

రావాల్సిన నర్సుకి జ్వరమట, ఆస్పత్రికి నన్ను రమ్మన్నారు. బంగాళాదుంపలు ఉడకబెట్టి, తొక్క తీసి గిన్నెలో ఉంచాను. ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో ఎర్రగా వేగాక దుంపలు చిదిమి వెయ్యండి. మూత పెట్టేసి పేపరు ముందేసుకుని కూర్చోకండి, అడుగంటుతుంది. అన్నం కుక్కర్లో ఉంది.

ఇక ఉప్పు సంగతి. పోయినసారి చీటీలో "నాలుగు చిటికెలు" అని రాయడం నాదే తప్పు. పొద్దస్తమానం రంపం పట్టే వడ్రంగి చిటికెడంటే నా గుప్పెడని నాకేం తెలుసు? అందుకే ఈసారి నా వేళ్లతోనే తీసి పొట్లం కట్టాను. పొయ్యి పక్కనే ఉంది, అదంతా వేసెయ్యండి. చాల్లేదని మళ్లీ డబ్బాలో చెయ్యి పెట్టారో, ఊరుకోను!

సాయంత్రానికి వచ్చేస్తాను.

అన్నట్టు, ఆ రోజు నాకు ముద్దైనా మిగల్చకుండా కూరంతా మీరే తినేశారని రెండు రోజులు మూతి ముడుచుకున్నాను కదా. పాపకి గుడ్డు వేసి పెట్టి, నేనొచ్చేలోపు ఆ ఉప్పు కషాయాన్ని చెంబుల కొద్దీ నీళ్లతో మింగారని నిన్న పాపే చెప్పింది. ఈసారి నాకూ ఉంచండి. ఎలా ఉన్నా తింటాను.