రెండో డబ్బా

చిన్నబాబూ,

అత్తయ్యకి గుండె మాత్రలు ఆపి ఆ పొడి మొదలుపెడతానని రాశావు. "వందలో తొంభై మందికి నయమైందట బావా, నీదంతా చాదస్తం" అన్నావు. నిన్న ఆ పొడి అమ్మే దుకాణానికి వెళ్లి, ఆ లెక్క ఎలా తేల్చారని అడిగాను.

"రెండో డబ్బా కొనడానికి వచ్చినవాళ్లని అడుగుతామండీ. గుణం కనబడకపోతే మళ్లీ ఎందుకొస్తారు?" అని కొట్టతను నవ్వాడు.

మీ అక్కా మాత్రలు మాని అదే పొడి వాడింది. నీకు చెప్పనివ్వలేదు. మొదటి డబ్బా సగంలో ఉండగానే తను పోయింది. డబ్బా ఇంకా వంటింటి అలమరలోనే ఉంది, చెంచా అందులోనే ఉంది.

వాళ్ల లెక్కలో మీ అక్క ఆ తొంభైలోనూ లేదు, మిగిలిన పదిలోనూ లేదు. ఆమెని ఎవరూ అడగలేదు.

అత్తయ్య మాత్రలు ఆపకు. మనిద్దరికీ ఇక పెద్దదిక్కు ఆవిడే.

బావ