శ్రావణి ఇచ్చిన బ్యాటరీ గేర్లు

జనవరి 5
నాతో పాటు సైకిల్ రేసులు తొక్కే శ్రావణి కొత్త సైకిల్ కొన్నది. పాతది నాకిచ్చింది — బ్యాటరీ గేర్లది. గేరు మార్చే తీగ లేదు. బొత్తాం నొక్కితే వెనక చిన్న మోటారు 'జుయ్'మని గొలుసును జరుపుతుంది.
ఆదివారం సెలక్షన్. జిల్లా జట్టులో అమ్మాయిలకు మిగిలింది ఒక్క చోటు. పోటీ మేమిద్దరమే. మరి నాకెందుకిచ్చింది?

జనవరి 6
చండ్రుగొండ దాకా తొక్కాను. వేళ్లు నొప్పి పెట్టలేదు. అయినా నచ్చడం లేదు... నా పాత సైకిల్లో తీగ బిగుతు వేలికి తెలుస్తుంది. బొత్తాం ఏమీ చెప్పదు.

జనవరి 7
ఎక్కుడు దారిలో వెనక గేరు కోసం నొక్కాను. ముందుది కూడా తనంతట తానే మారింది. కాళ్లు ఒక్కసారిగా తేలిపోయాయి. పడబోయాను.

జనవరి 8
శ్రావణిని అడిగాను. నవ్వింది.
"గది నేనే పెట్టిన, నా ఫోన్ల. ఎక్కుడొస్తే రెండూ కలిసి మారుతయ్. నీకు అల్కగైతదనుకున్న."
"ఫోన్లకెళ్లి మార్చొచ్చా?"
"అవ్. ఏందే గట్ల చూస్తవ్?"
సందేహం, అనుమానం — నిఘంటువు రెండింటికీ ఒకే అర్థం ఇస్తోంది. ఒప్పుకోను. సందేహం అడిగితే తీరుతుంది. ఇది అడిగాక పెరిగింది.

జనవరి 9
నా సైకిలే తొక్కుతానన్నాను. నాన్న దాన్ని ముందేసుకున్నాడు. తను పనిచేసే బొగ్గుబాయిలో, గని లోపల టబ్బులు లాగే ఇనుప తాడును షిఫ్టుకు ముందు గుడ్డతో తుడుస్తాడు — తెగిన పోగుంటే గుడ్డ చిక్కుకుంటుంది. గేరు తీగనూ అట్లాగే తుడిచాడు. లీవరు దగ్గర చిక్కుకుంది.
"రెండు పోగులు తెగినయ్ బిడ్డా. గిసొంటి తాడైతే నేను టబ్బు దించనియ్య."
నేను నమ్మిన తీగ.

జనవరి 10
ఖమ్మం అంతా తిరిగాం. ఆ తీగ లేదు. ఒక షాపాయన — "స్కూటర్ క్లచ్ వైరేస్త, నడుస్తది." లావు. దూరలేదు. నాన్నే నవ్వాడు.

జనవరి 11
భద్రాచలం రోడ్డు. సెలక్షన్‌కు ఇంకా పది నిమిషాలు. శ్రావణి ఇచ్చిన సైకిలే తెచ్చాను. తను నన్ను చూసి, ఏమీ అడగకుండానే తన ఫోన్ చేతిలో పెట్టింది.
"అయిపోయేదాక నీ తాన్నే ఉంచుకో. నీ మొఖం సూడలేకపోతున్న."
సిగ్గుతో జెర్సీ వీపు జేబులో వేసుకున్నాను.
ఇప్పుడు గుర్తొచ్చింది — ఫోన్ దగ్గరుంటేనే దాని ఆజ్ఞ గేర్లకు అందుతుంది. తన దగ్గరుంటే దూరం. ఇప్పుడు నా వీపు మీదే. అందులో ముందే ఏదైనా పెట్టి ఉంచితే?
ఫోన్ ఆపేయాలా? ఆపితే, ఇంకా నమ్మలేదని తిరిగిచ్చినప్పుడు శ్రావణికి తెలుస్తుంది.
పేర్లు పిలుస్తున్నారు.