తంబాకు చేతులు

మంగళవారం, రాత్రి

పాలీహౌస్‌ల టమాట ఆకులు ముడుసుకపోయి పసుపు మచ్చలు పడ్డయి. ఇయ్యాల వ్యవసాయ సారు వచ్చి చూసి, "ఇది తంబాకుతోని అంటుకునే తెగులు. బీడీ తాగేటోళ్లెవలన్నా చెట్లు ముట్టిండ్రా?" అని అడిగిండు.

"ఎవ్వలు లేరు సార్" అన్నడు మా ఆయన. నేను చేతులు కొంగుల దాసుకున్న. పొద్దుగాల ఇంట్ల బీడీలు చేసి, గవే చేతులతోని పక్క పిలకలు గిల్లి, తీగలను సుత్లి తాడుకు కట్టింది నేనే గదా. రోగమొచ్చినయన్నీ పీకి కాలపెట్టుమన్నడు సారు. నేనింక ముట్టని రెండు సాళ్లే మంచిగున్నయి.

నాలుగుసార్లు సబ్బు పెట్టి కడిగిన, వాసన పోతలేదు. ఆయనకెట్ల చెప్పాలె...

పండుకునే ముందు అన్నడు, "రేపు ఆ రెండు సాళ్లు కూలోళ్లకు ఇయ్యకు, నువ్వే గిల్లు. నీ చెయ్యి మంచిది."

ఊ కొట్టిన.