సందులో నిమ్మసోడా

అన్నయ్యా, అందరం బాగున్నాం, ముందు ఆ కంగారు మాను.

చక్రాల కుర్చీలో నాన్నకి ఊరు చూపించడం పిచ్చిపని అన్నావు. చూపిస్తున్నాం. నిన్న మ్యూజియం ముందు అన్నీ మెట్లే. మా ఆయన విసుక్కోకుండా కుర్చీని వెనక సందులోకి తిప్పారు. అక్కడ గోడల మధ్య చల్లటి నీడ, ఒకావిడ నిమ్మసోడా బండి. నాన్న గ్లాసు ఖాళీ చేసి "ఇంకోటి" అన్నారు. పక్షవాతం వచ్చాక నోట మాట రావడం ఇదే మొదలు! ఆవిడకేం తెలుసు, "ఇస్తా బాబాయ్, తొందరేం" అంది. నేను ఏడ్చేశాను.

ఆదివారానికి రావడం లేదు. ఇంకో నాలుగు రోజులు సందులన్నీ తిరుగుతాం. తిట్టుకో.

మా మొక్కలకి నీళ్లు పోయించు. గ్యాస్ బండ వచ్చిందా? వదినని అడిగానని చెప్పు.

నీ మొండి చెల్లెలు

కింది వంకర గీతలు నాన్న సంతకం. ఎడంచేత్తో తనే పెట్టారు.